కప్పిన కత్తి కోసం రాసిన అర్జీ

1885 ఫిబ్రవరి 2, సోమవారం

పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. సత్తెమ్మ బడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చంకలో బిడ్డ, కళ్ళ నిండా నీళ్ళు. ‘మా ఆయన్ని జవాను తీసుకుపోయాడండి పంతులమ్మ గారూ... కత్తి దాచాడంటండి...’

వీరన్న కత్తి దాచడమేమిటి! తాటిచెట్లు గీసి బతికేవాడి నడుముకి కత్తి కాక కలందానం ఉంటుందా? ఆ జవానుకి కళ్ళు ఉన్నాయా లేవా అని పిల్లల ముందే అనేశాను. అనకూడదు. అన్నాను.

ఫిబ్రవరి 3

వీరన్న జామీను మీద ఇంటికి వచ్చాడు. బతికించావు ప్రభువా. కత్తి మాత్రం కచేరీలోనే ఉంచేశారు.

జరిగింది ఇదీ. తీర్థంలో ఎవడో చేతికర్రలో దాచిన గుప్తితో ఇంకొకణ్ణి పొడిచాడు కదా — ఆ తరువాత దండోరా వేశారు. బట్ట కింద ఆయుధం దాచుకొని దారిలో తిరిగితే నేరం. పైకి కనబడేలా పట్టుకుపోతే తప్పు లేదు. మంచి ఉత్తరువే అనుకున్నాను నేను కూడా.

వీరన్న చెట్టు దిగి కాలవగట్టు ఎక్కాడు. ఎదురుగా జవాను. వీరన్న వెంటనే తుండుగుడ్డ లాగి నడుము మీది కత్తికి కప్పాడు. గీతవాళ్ళంతా చేసేదే. పెద్దలు ఎదురైనా, కడుపుతో ఉన్న ఆడమనిషి ఎదురైనా పదును కంటపడనివ్వరు. తాతల నాటి మర్యాద.

‘జవాను గారు కదండీ, గవురవానికి కప్పానండి’ అన్నాడట.

‘నన్ను చూసి కప్పావంటే దాచినట్టు కాదేంట్రా?’ అన్నాడట ఆయన.

మర్యాద చేసినందుకు కేసు! వచ్చే నెలలో విచారణ. శిక్ష పడితే జైలు, పైగా ఇక చెట్లు గీసే లైసెన్సు ఇవ్వరు. అది లేకపోతే వీరన్నకి ఇంకో పని తెలియదు.

ఫిబ్రవరి 4

కోపం దిగలేదు. వంకాయ కూర మాడ్చాను. మాడిందే తిన్నాను.

ఫిబ్రవరి 5

కచేరీ దగ్గర అర్జీలు రాసే ఆయన కుదరదన్నాడు. సర్కారు ఉత్తరువుని మార్చమని రాస్తే తన పని పోతుందట. గీతవాళ్ళు నలుగురు వచ్చి బడి అరుగు ముందు నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోరు. ‘తమరు రాస్తే... కలెక్టరు దొరగారు ఆ ఉత్తరువుని కాస్త సవరిస్తారేమోనండి...’

రాస్తానన్నాను. రాయకుండా ఎలా ఉంటాను? పోయిన వానాకాలం ధవళేశ్వరం నుంచి వస్తుంటే పడవ లాగే తాడు నా కాలికి మెలిక పడింది. గట్టు మీద మనుషులు లాగుతూనే ఉన్నారు. నేను నీళ్ళలో. ఎక్కడి నుంచి దూకాడో వీరన్న, తుండుగుడ్డ కింద నుంచి కత్తి తీసి ఒక్క వేటుకి తాడు తెంపాడు. మరుసటి రోజు థాంక్సు చెబుదామని వెళితే చెట్టు మీద నుంచే, ‘తాడు పాతదేలెండి!’ అన్నాడు.

ఆ సంగతి కూడా అర్జీలో రాశాను. ఉన్నది ఉన్నట్టుగా. ఇలాంటి చేతిలోని కత్తికి భయపడవద్దని దొరకి తెలియాలి. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. చక్కగా కుదిరింది ఆ పేరా.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక పాదిరి గారు ఆపారు. ‘ఏంటమ్మా రూతమ్మా, కల్లు గీసేవాళ్ళకి మన బడిలో అర్జీలా?’

‘కాగితం నాదండీ, సిరా నాదండీ’ అన్నాను.

‘బడి ఎవరిదమ్మా?’

దానికి జవాబు ఇంటికి వచ్చాక తోచింది. ఎప్పుడూ అంతే.

ఫిబ్రవరి 11

సంతకాల రోజు. గీతవాళ్ళు పొద్దుటి చెట్లు దిగి, సాయంత్రం చెట్లు ఎక్కేలోపు రావాలి. వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. అరుగు చాలలేదు.

చదువు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మీ పేరు నేను రాస్తాను, పక్కన అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెట్టండి చాలు అన్నాను. ఒక్కరూ కలం ముట్టుకోరు! ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. చివరికి ముసలాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు. ‘తమరు మరోలా అనుకోకండి... అది మీ గుడి మీద గుర్తు కదండీ. మేం పెడితే... మీలో కలిసిపోయినట్టేనా అండి?’

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు కానీ కలం మాత్రం పట్టుకోలేదు. సరే, మీకు అలవాటైన గుర్తే పెట్టండి అన్నాను.

అలవాటైన గుర్తు! రైతు నాగలి గీస్తాడు, సాలెవాడు కండె గీస్తాడు. గీతవాడు ఏం గీస్తాడో ఒక్క క్షణం ఆలోచించానా నేను? మూడు కాగితాలు నిండేదాకా తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే — అన్నీ కత్తులే. వంకర కత్తులు, పొడుగు కత్తులు, పిడికి చుట్టిన తాడుతో సహా. మేము ప్రమాదకరమైన మనుషులము కాము అని నేను రాసిన వాక్యం కింద, వరసగా.

ఫిబ్రవరి 12

చింపి మళ్ళీ రాద్దామా అని సత్తెమ్మతో కబురు చేశాను. ‘గుర్తు మారిస్తే ఆ మడిసి మేం కాదు కదండీ అంటున్నారండి.’ నిజమే. చింపలేదు.

ఇంగ్లీషులోకి మార్చాలి. నా ఇంగ్లీషు రెండో రీడరు పుస్తకం దాటలేదు. సిగ్గు విడిచి పాదిరి గారి దగ్గరికే వెళ్ళాను. తిట్టారు. కల్లు గురించి చాలాసేపు చెప్పారు. చెబుతూనే కళ్ళజోడు తుడుచుకొని కలం తీశారు. నా తాడు పేరా దగ్గర ఆగారు. ‘ఇది ఉంచాలా అమ్మా?’

ఉంచండి అన్నాను. గట్టిగా. అదే కదా అర్జీకి ప్రాణం.

అలాగే రాశారు. పెద్దమనిషి. ఆదివారం నేను విసురుగా మాట్లాడినందుకు క్షమించమని అడగాలి.

ఫిబ్రవరి 20

కాలవ లాకుల బంగళాలో కలెక్టరు దొర మకాం. పాదిరి గారు వెళ్ళి ఇచ్చి వచ్చారు. నన్ను రావద్దన్నారు — నా నోటికి భయపడి ఉంటారు.

దొర కత్తుల బొమ్మలు చూసి కనుబొమ్మలు ఎగరేశాడట. ‘దాచుకునేవాళ్ళయితే ఇలా గీసి చూపిస్తారా అనేశానమ్మా!’ అని పాదిరి గారు చెబుతుంటే ఆ ముఖంలో సంబరం చూడాలి. కల్లు గీసేవాళ్ళ వకీలు!

ఫిబ్రవరి 25

కబురు లేదు. వీరన్న చెట్లను బావమరిది గీస్తున్నాడు. గీత తప్పి రెండు చెట్లకు గెలలు ఎండిపోయాయట. వీరన్న కింద నిలబడి పైకి చూస్తూ ఉంటాడు... నేను అటువైపు వెళ్ళడం మానేశాను.

మార్చి 4

మళ్ళీ దండోరా! పనికి వెళ్ళి వచ్చే గీతవాళ్ళ కత్తికి ఆ నిషేధం వర్తించదు — గుడ్డ కప్పినా సరే. ‘గుడ్డ కప్పినా సరే’ అని రెండుసార్లు చెప్పాడు డప్పు కొట్టేవాడు. నేను బడి వదిలేసి వీధిలోకి పరిగెత్తాను. పిల్లలు నా వెనకే.

ఒక కాగితం. ఒక అరుగు. చదువు రాని చేతులు. ఉత్తరువు మారింది. స్తోత్రం, స్తోత్రం. ఇంకేమీ రాయలేను ఈ రోజు.

మార్చి 5

సత్తెమ్మ బుట్టెడు తాటిబెల్లం తెచ్చింది. సగం పాదిరి గారికి పంపాను. కల్లు కాదు కదా అని కబురు కూడా పంపాను. బుట్ట ఖాళీగా తిరిగి వచ్చింది.

మార్చి 9

కచేరీ నుంచి సమను. నా పేరు మీద.

పాదిరి గారు చదివి చెప్పారు. కొత్త ఉత్తరువు మార్చి నుంచి. వీరన్న కేసు అంతకు ముందుది. అది పోదు. విచారణ జరుగుతుంది. నేను సాక్షిని — వీరన్న తరపున కాదు, సర్కారు తరపున.

ఎందుకంటే అర్జీలో నేనే రాశాను. తుండుగుడ్డ కింద నుంచి కత్తి తీశాడు అని. అంటే జవానుని చూసి ఒక్కనాడు కప్పింది కాదు, ఎప్పుడూ దాచుకునే తిరుగుతాడు అని పంతులమ్మ స్వయంగా చెబుతోంది అంటారట.

నా చక్కని పేరా.

పాదిరి గారు ‘అప్పుడే అడిగాను’ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 10

వీరన్న ఇంటికి వెళ్ళాను. ఇంత పని చేశానని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. అతను బిడ్డని సత్తెమ్మకి అందించి పీట వేశాడు నాకు.

‘తమరు లేంది రాయలేదు కదండీ.’

‘ఆ మాట అనకుండా ఉండే దారి చూస్తాను వీరన్నా. గుర్తు లేదంటాను.’

‘వద్దండి.’ మెత్తగానే అన్నాడు. ‘మిమ్మల్ని పుస్తకం మీద ఒట్టేయిస్తారంట కదండీ. నా కోసం అబద్ధమాడితే రేపు పిల్లలకేం చెబుతారండి? ఉన్నది చెప్పండి. ఎందుకు కప్పుతామో అది కూడా చెప్పండి.’

నేను వచ్చేటప్పుడు సత్తెమ్మ వాకిలి దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఈ ఊరికి వచ్చినప్పుడు విధవరాలిని, పరాయిదాన్ని. ఇలాంటి మనుషుల మధ్య బతకనిచ్చినందుకు దేవునికి ఏమిచ్చి తీర్చుకోను?

మార్చి 14

నిద్ర లేదు. చెప్పవలసిన మాటలు పలక మీద రాసుకుంటున్నాను. తుడుస్తున్నాను.

మార్చి 16, సోమవారం

కచేరీ అరుగు మీద కూర్చొని పెన్సిలుతో రాస్తున్నాను. తెల్లవారగానే పడవలో వచ్చాం. ఆవరణ అంతా గీతవాళ్ళే. ఈ పూట ఎవరూ చెట్టు ఎక్కలేదు. చెట్ల మీద కల్లు లొట్లు పొంగిపోతూ ఉంటాయి, గెలలు ఏమవుతాయో. అలాగే నిలబడి ఉన్నారు. చూస్తుంటే గుండె నిండిపోతోంది.

పాదిరి గారు కూడా వచ్చారు. సాక్షుల సంగతి తెలిసిన ఒక గుమాస్తాని అడిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ‘అడిగినదానికే జవాబు చెప్పాలటమ్మా. కత్తి కప్పి ఉందా లేదా అని అడుగుతారు. అవుననో కాదనో...’

‘ఎందుకు కప్పాడో అడగరా అండీ?’

ఆయన పెదవి విరిచారు.

వీరన్న ఇప్పుడే నా ముందు నుంచి లోపలికి వెళ్ళాడు. ఒక్క క్షణం ఆగి, ‘భయపడకండి పంతులమ్మ గారూ’ అన్నాడు. ముద్దాయి వచ్చి సాక్షికి ధైర్యం చెప్పడం ఎక్కడైనా ఉందా?

బంట్రోతు నా పేరు పిలుస్తున్నాడు. నిజమే చెబుతాను. అవును, కప్పే ఉంది అంటాను. ఆ తరువాత ఇంకొక్క మాట... అననిస్తారా నన్ను?