పారిపోయేటోణ్ణి కొడితే

కరుణాకర్ బావకు,

మెసేజ్ పెడితే ఒక్క వేలుతోని చెరిపేస్తవని, కాయితం మీద రాసి అత్తమ్మ చేతికిచ్చి పంపుతున్న.

మన చిన్నప్పటి కత్తుల గేమ్‌ను ఫోన్‌ల ఎక్కించుకొని, నాలుగు నెలలు ఆడి, ఆఖరి కోట తలుపు కాడ ఆగిపోయినవ్. "ఎట్ల తెరవాల్నో జర చెప్పురా" అని అడిగినవ్. చెప్త.

ఆ గేమ్‌ల దుష్మన్ పారిపోతుంటే ఎనకనుంచి కొడితే, గేమ్ ఒక్క మాట గూడ అనదు. గుర్తు పెట్టుకుంటది. పదిమందిని గట్ల కొట్టినోనికి ఆ తలుపు ఇగ తెరుసుకోదు. ఎంత బలం పెంచుకున్నా లాభం లేదు. మళ్ల మొదటికెల్లి ఆడుడే.

ప్రతి ఆదివారం ఉప్పల్ల చాయ్ తాగుకుంట, "ఉరికేటోళ్లను గూడ ఇడుస్తలేను" అని మస్తు సంబరంగ చెప్పినవ్. నేను "శెబాష్ బావ" అన్న.

యాదికున్నదా? ఎనిమిదో తరగతిల నేను పచ్చకామెర్లతోని దవాఖానల పడుంటే, నువ్వు నాచారంల మా ఇంటికొచ్చి ఆడినవ్. ఆ టీవీ గేమ్ క్యాసెట్‌ల ఒక్కళ్ల ఆటనే సేవ్ అయితది. నేను మూడుసార్లు మొదటికెల్లి ఆడి ఆ తలుపు దాటిన. ఆ నా ఆట మీద నువ్వు నీ ఆట సేవ్ చేసినవ్. నేనొచ్చి సూస్తే నా పేరు లేదు, నీ పేరున్నది. నేను ఏడుస్తుంటే నవ్వుకుంట ఒక్క మాటన్నవ్. ఇరవై ఏండ్లు దాసిపెట్టిన. ఇయ్యాల నీది నీకు వాపస్ ఇస్తున్న.

గేమే కదా, ఏడుస్తవేంది?

నీ బామ్మర్ది