మరమ్మతు అన్న మాట

ఆగస్టు 2008, శనివారం, టెక్కలి

కంచిలి నుంచి బావ రక్తపరీక్షకు వచ్చాడు. రెండేళ్లుగా అతని కిడ్నీలు బాగోలేవు. రిపోర్టు వచ్చేలోపు ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్లి, నెట్‌లో ఎవరైనా రాయగల, దిద్దగల తెలుగు విజ్ఞాన సర్వస్వంలో నేను రాసిన వ్యాసం చూపించాను. పేరు 'జన్యు మరమ్మతు ఎంజైములు'. పెట్టినప్పుడు ఆ పేరు నాకెంతో నచ్చింది.

బావ తెర మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"ఇది నా కిడ్నీలకి పనికొత్తాదేటి?"

ఇంకా ప్రయోగశాలల్లోనే ఉందని, అసలు అతని జబ్బు దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదని చెప్పాను.

"మరి మరమ్మతు సేత్తాదని రాసినావు కదా బావా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

రిపోర్టులో, కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే క్రియాటినిన్ మళ్లీ పెరిగింది.

అతన్ని బస్సెక్కించి సెంటరుకి వెనక్కి వెళ్లాను. నిజానికి ఆ ఎంజైము డీఎన్ఏని కోస్తుంది, అంతే. తెగినచోట అతికించుకోవడం కణం పని. ఒక్కోసారి తప్పుగానూ అతుకుతుంది. వ్యాసం పేరు 'డీఎన్ఏను కత్తిరించే ఎంజైములు' అని మార్చాను. ఎప్పటికైనా జబ్బులు నయం చేయవచ్చన్న ఆశ ఉందని ఒక వాక్యం మాత్రం ఉంచాను. అదీ తీసెయ్యాలేమో.

ఎందుకు మార్చారో రాయమని కింద చిన్న గడి అడుగుతుంది. "మా బావ చదివాడు" అని టైపు చేశాను. కాసేపు చూసి, చెరిపేసి, "స్పష్టత కోసం" అని రాశాను.