నాయెన్‌ఫెల్డ్ పేట చిత్తడి

విస్కాన్సిన్,
అక్టోబరు 9, 1974

కౌంటీ సర్వేయరు గారి సముఖమునకు
రైన్‌హోల్డ్ బాండెలో, వయస్సు 70, పాడి రైతు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా పేట శ్మశానమును పటములో చేర్చి, కొత్త రోడ్డు గీతను పక్కకు జరిపించుట గురించి.

1. జర్మనీలోని పొమెరేనియా నుంచి వచ్చిన మా పద్నాలుగు కుటుంబాలు ఎక్కడెక్కడ దిగాయో పాత పటాలు పక్కపక్కన పరచుకొని గుర్తించడమే చాలా ఏళ్లుగా నా శీతాకాలపు పని. 1887 పటంలో మా పొలం ఉత్తరపు మూల శిలువ గుర్తు ఉంది. 1919 పటంలో అదే చోట చిత్తడి నేల గుర్తు ఉంది. అక్కడ చిత్తడి లేదని, శ్మశానం ఉందని నిరుడు అర్జీ పెట్టుకొన్నాను. తమ కార్యాలయం వారు వచ్చి, అంచున నేల గుచ్చి చూసి, చిత్తడి గుర్తు తీసేశారు. శిలువకు ఒక్క పటం చాలదు, మరో రుజువు తెమ్మన్నారు. నేల గట్టిదని తేలింది కనుక సదరు మూల మీదుగానే రోడ్డు గీశారు.

2. అక్కడ ఉన్నది 1881లో గొంతు జబ్బుతో పోయిన పదకొండు మంది పిల్లలు. మా వాళ్లు పిల్లలను పెద్దల పక్కన పెట్టరు, పోయిన వరుసలోనే పూడుస్తారు. తూర్పు నుంచి నాలుగోది మా మేనత్త అల్మా, ఐదేళ్లది. పైన రాళ్లు లేవు.

3. జర్మనీతో యుద్ధం రోజుల్లో మన శ్మశానాన్ని పటంలోంచి చెరిపింది సర్వే ఆఫీసు గుమాస్తా పీబడీ అని మా తాత ఆగస్ట్ నాకు చెప్పారు. నమ్మాను. పీబడీ కొడుకు హార్లన్‌తో యాభై ఆరేళ్లు మాట్లాడలేదు. రుజువు కోసం పోయిన నెల తప్పనిసరై అతని గడప తొక్కాను. తండ్రి దాచిన కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు.

"మా నాన్నని తిట్టుకుంటూ బతికావు కదా, ఇప్పుడు చదువుకోరా."

కాగితం మీద తేదీ 1918 సెప్టెంబరు. "మా పొలములో జర్మను శ్మశానము లేదు. అది చిత్తడి. పటములో అటులనే వేయవలెను." కింద మా తాత సంతకం. జర్మన్లమని, దేశద్రోహులమని మా తలుపుకు జనం పసుపు రంగు పూసిన వారమది. ఆయన భయపడ్డారు, సరే. కన్నకూతురు లేదని రాసిచ్చారయ్యా! ఆ నింద ఇంకొకరి మీద వేసి నన్ను మోసం చేశారు.

సదరు కాగితమే నా రెండో రుజువు. అందులో చిత్తడి అన్నది అబద్ధమని తమరే తేల్చారు కనుక, శ్మశానం లేదన్నదీ అబద్ధమే. జతపరిచాను. చిత్తగించి, రోడ్డు గుంజలు పాతకముందే ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
రైన్‌హోల్డ్ బాండెలో

తా.క. తాత ఆ మూల నాగలి పెట్టనిచ్చేవాడు కాదు. "నీళ్లురా, దిగబడిపోతావ్" అనేవాడు. నేనెన్నడూ అక్కడ చుక్క నీరు చూడలేదు. ఆ అబద్ధం చాటున పిల్లలు ఇన్నేళ్లు పడుకున్నారు. చిత్తడి లేదని మీకు చెప్పి రోడ్డును వాళ్ల మీదికి తెచ్చింది నేనే. తాత మీద కోపం పోలేదు, కానీ శిలువ వేయడం కుదరకపోతే ఆయన చిత్తడినే మళ్లీ వేయండి. నీళ్లేవని మీవాళ్లు అడిగితే, మా పాల క్యాన్లతో నేనూ హార్లనూ మోసుకొచ్చి పోస్తాం.