మూడు గౌన్లు

మల్లట్,
10-12-1968

చిరంజీవి కుసుమకు అమ్మ దీవెనలు.

నువ్వు చర్చిలో పెళ్లి చేసుకున్న నాటినుంచి మీ నాన్నగారు నీ పేరెత్తనివ్వడం లేదు. అందుకే పాప మొదటి క్రిస్మస్‌కి నేను రాలేను. పాపని చూడలేదు గనక కొలత తెలియక, ఆరునెలల కొలతకొకటి, ఏడాది కొలతకొకటి చొప్పున రెండు తెల్లగౌన్లు కుట్టాను. నిన్న మీ నాన్నగారు చూసి, "ఇంత కురచవేంటే? మన పిల్లలు పొడుగు కదా!" అని పొలానికి వెళ్లిపోయారు. అందుకని ఇంకాస్త పొడుగ్గా మూడోది కూడా కుట్టి, అన్నీ పంపుతున్నాను.

పండగనాడు మీరు ముగ్గురూ చర్చికి వెళ్లేటప్పుడు సరిపోయినది పాపకి తొడుగు. మిగతావి తిప్పి పంపకు. ఏది సరిపోయిందో మాత్రం మరిచిపోకుండా రాయి. మూడింటి కొలతల కత్తిరింపు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. సరిపోయినదాని కాగితం ఒళ్లో పరుచుకుని, పాప ఎంతుందో చూసుకుంటాను.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ