గట్టిపడని చిప్‌లు

మార్చి 3, సోమవారం
ఏడు నెలల ప్రసూతి సెలవు తర్వాత మళ్లీ లాబ్. తలుపు తీయగానే ప్రాణం లేచొచ్చింది. పనీ మంచిదే. పసిపిల్లల ఆసుపత్రికి బొటనవేలంత చిప్, లోపల వెంట్రుకంత సన్నని కాలువలు. మడమలోంచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో పరీక్ష అయిపోవాలి. ఇప్పుడైతే సిరంజితో లాగుతున్నారు, పాపం.

లాబ్ వాళ్లిచ్చే నీలం గ్లవ్స్ పడలేదు. సాయంత్రానికి చేతుల నిండా దద్దుర్లు.

మార్చి 4, ఉదయం
అత్తగారు నా చేతులు చూసి ఊరుకుంటారా? రబ్బరు గ్లవ్స్ డబ్బా తెచ్చి బ్యాగులో పెట్టేశారు. మెత్తగా, హాయిగా ఉన్నాయి.

మార్చి 5
చిప్ కోసం అచ్చులో పోసిన సిలికాన్ గట్టిపడలేదు. ఓవెన్‌లో రెండు గంటలు, ఇంకో రెండు గంటలు. జిగురు జిగురుగానే ఉంది.

మార్చి 6
మళ్లీ జిగురే.

మార్చి 7, మధ్యాహ్నం
కళ్లు మూసుకుని చేసే పని ఇది. అదే సీసాలోంచి పక్క బల్ల ఆయన పోస్తే అద్దంలా వచ్చింది. బాస్ కేకలేయలేదు. చంటిపిల్లతో కష్టమే కదమ్మా, సోమవారానికి చిప్ సరిగా రాకపోతే ప్రాజెక్టు ఆయనకిచ్చేద్దాం అన్నారు. ఆ జాలికి ఒళ్లు మండిపోయింది. బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చాను. నిజంగానే పని మర్చిపోయానేమో.

మార్చి 8, శనివారం
సెలవైనా వెళ్లాను. పాడైన చిప్‌లన్నీ కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఒకటి మధ్యలో బాగానే గట్టిపడింది. అంచున మాత్రం ఐదు జిగురు మచ్చలు. తాకబోయి ఆగిపోయాను. అవి నా వేళ్లే! అచ్చు పట్టుకున్న చోటల్లా.

గ్లవ్స్! రబ్బరులో గంధకం ఉంటుంది, అది తగిలితే ఈ సిలికాన్ చచ్చినా గట్టిపడదు. కొత్తవాళ్లకు మొదటి రోజే నేను చెప్పే పాఠం ఇది. నా బుర్ర ఎక్కడ పెట్టానో! ఖాళీ లాబ్‌లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. కొత్త అచ్చు తీశాను. లోపల నూలు గ్లవ్స్, పైన నీలంవి వేసుకుని పోశాను.

మార్చి 10, పదకొండున్నర
గట్టిపడింది. ఎర్రరంగు నీటిచుక్క వదిలితే కాలువలన్నీ తిరిగి చివరికి చేరింది. బుడగ లేదు, కారలేదు. హమ్మయ్య!

ప్రాజెక్టు నాదే. ఇంతకీ ఏమైందని బాస్ అడిగారు. గ్లవ్స్ అన్నాను. ఎవరు తెచ్చారంటే, నేనే కొన్నానన్నాను.

మార్చి 11
పని కుదిరిందని తెలిసి అత్తగారు అవే గ్లవ్స్ ఇంకో రెండు డబ్బాలు తెచ్చారు. చాలా బాగున్నాయన్నాను.

ఇంట్లో అంట్లన్నీ ఇక నావే, ఆ గ్లవ్స్ అయిపోయేదాకా.