ఫిట్ అని సంతకం పెట్టాను

గురువారం, జురాంగ్ వెస్ట్, సింగపూర్

మా జట్టు ఆటగాడు ఫైజల్ శనివారం మ్యాచ్ ఆడవచ్చని రాసి సంతకం పెట్టేశాను. మోకాలు నొక్కి చూస్తే వాపు తగ్గనే లేదు. "కెన్ లా, డోంట్ వర్రీ" అంటూ ఆడగలనన్నాడు గానీ, కాలు మడిచేటప్పుడు పెదవి కొరుక్కున్నాడు. కనీసం రెండు వారాల విశ్రాంతి కావాలి. ఫిజియోని, నాకు తెలియదా!

కెంజి గారు తలుపు దగ్గరే నిలబడ్డారు. శనివారం ఓడితే ఆయన కోచ్ ఉద్యోగం ఉండదు. "ఈ ఒక్క మ్యాచ్‌కే, లక్ష్మీ సాన్" అన్నారు, తన జపాన్ మర్యాదతో.

నేను చేరిన రోజు ప్యాంటు పైకి లాగి మోకాలి మీద మచ్చ చూపించింది ఈయనే. జపాన్‌లో ఆడే రోజుల్లో ఫిజియోను బతిమాలి ఫిట్ అని రాయించుకున్నారట. ఆ మ్యాచే ఆయనకు ఆఖరిది. ఇరవై ఎనిమిదేళ్లకే ఆట వదిలేసి కోచ్ అయ్యారు. "రేపు నేనే వచ్చి అడిగినా నువ్వు కాదనాలి" అని ఆ రోజు నా చేత మాట ఇప్పించుకున్నారు.

రోజూ వెళ్లేముందు మైదానానికి వంగి నమస్కరిస్తారు. ఇవాళ అటు చూడనే లేదు. నా ముందు వంగారు. చాలాసేపు లేవలేదు.

ఇంటికొచ్చి మా ఆయన శ్రీనుకు చెబితే, "అడిగింది కోచే గదా, మధ్యలో నీ తప్పేంటి? టెన్షన్ పడమాక" అన్నాడు. ఆ జపాన్ ఫిజియో ఇంట్లోనూ ఎవరో ఇదే మాట అని ఉంటారు.

కాగితం రేపు పొద్దున ఇవ్వాలి. ఇంకా నా బ్యాగులోనే ఉంది.