ఎత్తిన చేయి

జులై 3, సోమవారం

హెడ్ మేడమ్ ఒక తెల్లకాగితం చేతికిచ్చింది. ప్రొబేషన్ అయిపోవస్తోంది కదా నాయనా, నీ టీచింగ్ ఫిలాసఫీ ఏమిటో ఒక పేజీ రాసివ్వు, ఫైల్లో పెట్టాలి అంది. ఒక పేజీయా! పదకొండు పేజీలు రాశాను. బస్టాండు దగ్గర పుస్తకాల బండి మీద కొన్న చిన్న పుస్తకాలన్నీ మంచం నిండా పరుచుకున్నాను. బడి అంటే భయానికి యూనిఫారం కుట్టే కార్ఖానా. పిల్లల మౌనం తెలివితక్కువతనం కాదు. దాని ముందు టీచరు ఓపిగ్గా నిలబడాలి. ఈ ఆఖరి ముక్క ఏ పుస్తకంలోదీ కాదు, నాదే.

అక్క చదివి, ఒరేయ్, నువ్వు పిల్లలకు పాఠం చెప్తున్నావా, మైకు పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నావా అంది. కాగితాలు లాక్కున్నాను.

జులై 6

ఏడో తరగతి, మూడో బెంచీ, చివర కూర్చునే పిల్ల. చేరి నెల. అటెండెన్స్ పిలిస్తే తల ఊపుతుంది, అంతే. తోటివాళ్లు మ్యూట్ అని పిలుస్తున్నారు. అలా పిలిచినవాణ్ణి ఇవాళ కడిగేశాను.

ఆ పిల్ల ఒక్క ప్రశ్న అడిగితే చాలు, నా పదకొండు పేజీలూ నిజం.

జులై 11, మంగళవారం

గురువారం ఇన్‌స్పెక్షన్. నా సైన్స్ క్లాసే చూస్తారట. స్టాఫ్ మీటింగులో స్కేలు మాస్టారు లేచాడు. లెక్కలు చెప్తాడు, చేతిలో స్కేలు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. పిల్లలతో చిన్న రిహార్సల్ చేయించాలి, ప్రశ్న వేయగానే అందరి చేతులూ లేవాలి అని మొదలుపెట్టాడు. నాకు తిక్క రేగింది. పిల్లలు మీ చేతిలో తోలుబొమ్మలు కాదు, మోసానికి రిహార్సలా అని అరిచాను. కూర్చోవయ్యా బాబూ, మిగతాది కూడా విను అని ఆయన అంటూనే ఉన్నాడు. తలుపు ధడేల్మని వేసి వచ్చేశాను. గోడ మీద క్యాలెండర్ ఊడిపడిందట. పడనీ.

జులై 12

ఒళ్లింకా మండుతూనే ఉంది.

జులై 13, గురువారం, మధ్యాహ్నం 1.15

చేయి ఎత్తింది!

గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటివైపు ఈ చుక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయి అని అడిగాను. క్లాసంతా చేతులెత్తింది. నాకు ఒక్క చెయ్యే కనిపించింది. మూడో బెంచీ చివర. ఆ పిల్లనే లేపాను. నిలబడింది. మాట్లాడలేదు. చేయి మాత్రం దించలేదు, ఇంకా పైకి చాపింది. చెప్పాలన్న ఆత్రం అనుకున్నాను. వెనక నుంచి ఎవడో, సార్, ఎడమ చేయి సార్, ఎడమ చేయి అని గొణిగాడు. వాణ్ణి కసిరాను. ఎడమైతే ఏంట్రా, నా క్లాసులో ఏ చేయైనా ఒకటే అన్నాను. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు.

ఎదురుచూశాను. గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు. గడ్డం మీద నుంచి కన్నీళ్లు కారుతున్నాయి, చప్పుడు లేదు. అయినా నేను ఆగాను. ఆగడమే గౌరవం కదా.

బెల్ కొట్టగానే సంచీ కూడా తీసుకోకుండా పరిగెత్తింది.

అదే రోజు, 5.30

స్కేలు మాస్టారు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

తెలిసినవాళ్లు కుడి చేయి, తెలియనివాళ్లు ఎడమ చేయి. కుడి చేతులవాళ్లనే లేపాలి. లెక్కల పీరియడ్లో పిల్లలందరికీ తనే చెప్పాడట. రిహార్సల్ అంటే అంతే అబ్బాయీ, ఏ పిల్లా నలుగురిలో తలదించుకోకూడదని, నువ్వు విననిది అదే అన్నాడు.

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఆ పిల్ల ఆ లెక్కల క్లాసయ్యాక తన దగ్గరకొచ్చి అడిగిందట, ఎడమ చేయి ఎత్తితే సార్ నిజంగా లేపరు కదా అని. లేపరమ్మా అని మాటిచ్చాడట.

ప్రశ్న అడిగింది. నన్ను కాదు.

జులై 14

రాలేదు.

జులై 17, సోమవారం

రాలేదు. రిపోర్టు మాత్రం వచ్చింది. విద్యార్థిని సమాధానం కోసం ఈ ఉపాధ్యాయుడు చూపిన ఓపిక అరుదైనది, ఉద్యోగం పర్మనెంట్ చేయవచ్చు. డ్రిల్లు మాస్టారు వీపు చరిచి, గురూ, పార్టీ ఎప్పుడు అన్నాడు. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

జులై 19

ఆ పిల్ల వదిలేసిన సంచీ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మేడ మీద ఒక్క గది, కిటికీ కింద కుట్టుమిషను. పిల్ల నేల మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. తలెత్తలేదు. నా తప్పే అన్నాను. నాకు తెలియదమ్మా అన్నాను. సూది ఆగలేదు.

వాళ్లమ్మ మర్యాదగానే మాట్లాడింది. కుర్చీ వేసింది. ఏమీ అనుకోకండి సార్, బడికెళ్లమని మేం ఎంత చెప్పినా వినట్లేదు, ఇక్కడైతే ఎవరూ ఏమీ అడగరు కదమ్మా అంటోంది అంది. మీరు మంచివారేనట సార్, కానీ ఎత్తిన చేయి ఏదో చూడరట.

మెట్లు దిగాక తెలిసింది, సంచీ నా భుజానికే ఉంది. మళ్లీ ఎక్కే ధైర్యం లేకపోయింది.

జులై 21

పదకొండు పేజీలూ చించేశాను. వేరే కాగితం మీద కొత్తగా మొదలుపెట్టాను. పిల్లలు, అని రాసి ఆగిపోయాను.

జులై 24, సోమవారం

తెల్లకాగితం అలాగే తిరిగిచ్చాను. ఇదేమిటి నాయనా, ఒక్క వాక్యమైనా లేదా అంది హెడ్ మేడమ్.

ఎడమ చేయి ఎత్తాను.